ఆదివారం అడగబోయే ముందు

చిట్టితల్లీ,

మీ ఆయనకు ఇంకొకావిడతో సంబంధం ఉందని తెలిశాక, ఆర్నెల్లు విడిగా ఉండి, మళ్లీ ఉద్యోగంలో చేరి, ఆ తర్వాతే ఏదో ఒకటి తేల్చుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి గర్వంగా ఉంది. కానీ వెళ్లేముందు ఈ ఆదివారం అతణ్ని కూర్చోబెట్టి అంతా కక్కిస్తానన్నావట. నా బెంగంతా ఆ ఆదివారం గురించే.

ముందు చేయాల్సిన పనులు. జీతం పడేందుకు నీ ఒక్కదాని పేరున ఖాతా తెరువు. ఉమ్మడి ఖాతాలు, అప్పులు, నువ్వు హామీ సంతకం పెట్టిన కాగితాలు అన్నిటికీ నకళ్లు తీసి పెట్టుకో. లాయరుకు చూపించకుండా దేని మీదా కొత్తగా సంతకం పెట్టకు.

డాక్టరు దగ్గరికి వెళ్లి సుఖవ్యాధుల పరీక్షలన్నీ చేయించుకో. ఇందులో నువ్వు తలదించుకోవాల్సిందేమీ లేదు. హెచ్‌ఐవీ సోకినా వెంటనే పరీక్షలో కనబడదు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకైతే మీరిద్దరూ చివరిసారి కలిసి 45 రోజులు దాటాలి, వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్షకైతే 90 రోజులు. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా ఆ గడువు దాటాక మళ్లీ చేయించుకో. మీరు కలిసి ఇంకా 72 గంటలు కాకపోతే మాత్రం ఇవాళే వెళ్లు, సోకకుండా ఆపే మందులు ఆ లోపే మొదలుపెట్టాలి.

ఇక ఆదివారం సంగతి. ఈ దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది చేసే తప్పొకటుంది: అర్ధరాత్రి, పక్కమీద కూర్చుని, ప్రతిదీ అడగడం. ఏ గదిలో, ఏ చీరలో, ఏం మాట్లాడుకున్నారు, నాకన్నా బాగుంటుందా అని. విన్న ప్రతి మాటా బొమ్మ కడుతుంది. ఆ బొమ్మ గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది, పిల్లాడికి ముక్కు తుడుస్తున్నప్పుడు వస్తుంది. ఒకసారి విన్నాక వినకుండా ఉండటం మన చేతిలో ఉండదు. పైగా అంత ఒత్తిడిలో అతను సగమే చెబుతాడు. మూడు వారాలకు ఇంకో ముక్క బయటపడుతుంది, నువ్వు మళ్లీ మొదటి రోజుకొచ్చి పడతావు. చాలామందికి అసలు సంగతి కన్నా ఈ ముక్కముక్కల నిజమే ఎక్కువ గుచ్చుతుంది. చిన్నప్పుడు మోకాలి మీద పెచ్చు ఊడిందాకా గిల్లి, నెత్తురొచ్చాక నా దగ్గరికే ఏడుస్తూ వచ్చేదానివి. ఇప్పుడు నేను పక్కన లేను తల్లీ, అందుకే కోప్పడుతున్నాను.

ఇలా చెయ్యి. మనసులో ఉన్న ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టు. ఒక్కోదాని పక్కన, ఈ జవాబు తెలిస్తే నేను ఏం మారుస్తాను అన్నది రాయి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఇప్పటికీ రోజూ ఎదురుపడతారా, రక్షణ వాడారా, మన డబ్బెంత పోయింది, ఇంకెవరికి తెలుసు, గర్భం ఏమైనా వచ్చిందా: వీటికి పక్కన రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇవి అడుగు. పక్కన ఖాళీగా మిగిలినవి కవర్లో పెట్టి అంటించెయ్యి. నెల తర్వాత కూడా అడగాలనిపిస్తే కౌన్సెలర్ ఎదుట అడుగుదువుగాని. "ఎందుకు చేశావు" అన్నదీ ఆ కవర్లోకే. మొదటి వారాల్లో దానికొచ్చే జవాబు సాకే, అది తిరిగి తిరిగి నీ తప్పు దగ్గరే ఆగుతుంది.

పగటిపూట అడుగు, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు. ముప్పావుగంటకు అలారం పెట్టుకో. తేదీలు అతని చేతే రాయించు. గొంతులు లేస్తే ఆపేసి బయటికి నడువు. అతను ఎప్పుడైనా చెయ్యి చేసుకుని ఉంటే ఈ మాటలు ఒంటరిగా వద్దే వద్దు.

రాత్రి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి ఇంకో గదిలో కూర్చో, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి వెళ్లు. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఒకే వేళకు లే. అతని ఫోను వెతకడం ఆ వేళల్లో అస్సలు వద్దు. బతకాలని లేదనిపించిన క్షణం మాత్రం టైము చూడకు, నాకు ఫోన్ చెయ్యి.

అతను మారాడో లేదో ఏడుపును బట్టి చూడకు. ఆవిడ మెసేజ్ పెడితే నువ్వడక్కముందే చూపిస్తాడా, నువ్వు అదే మాట పదోసారి ఎత్తినా విసుక్కోకుండా కూర్చుంటాడా, అది చూడు.

శనివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఆ కాగితం చదివి వినిపించు. అంతకన్నా ముందు ఆ రోజు ఏం తిన్నావో చెప్పు.

మీ పెద్దమ్మ