పెట్టెలూ పీసులూ కలిసిపోతే స్టాక్ తేలదు

మీ హోల్‌సేల్ వ్యాపారానికి కంప్యూటర్‌లో బిల్లింగ్ మొదలుపెట్టి రెండు నెలలైనా గోడౌన్‌లోని సరుకుకీ స్క్రీన్ మీది అంకెకీ పొంతన లేదనీ, నాన్నగారు మళ్ళీ పుస్తకమే తెరిచారనీ రాశారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చండీ. ముందు ఐటమ్ లిస్టు చూడండి, ఒకే సబ్బు మూడు పేర్లతో ఎక్కి ఉంటుంది. పైగా కొన్నది పెట్టెల్లో, అమ్మింది పీసుల్లో రాస్తే 24 పీసుల పెట్టె 1గానే ఎక్కుతుంది. అందులో 5 అమ్మగానే స్టాక్ మైనస్ 4 చూపిస్తుంది! పేర్లు కలిపేసి, పెట్టెకి ఎన్ని పీసులో ప్రతి ఐటమ్‌కీ పెట్టేయండి. నెలాఖరున ఒకరోజు అమ్మకాలు ఆపి, సరుకంతా చేత్తో లెక్కపెట్టి ఎక్కించండి. పాత బిల్లులన్నీ అక్కర్లేదు, ఎవరి బాకీ ఎంతో చాలు. అవి మాత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకునే ఎక్కించండి. ఏ షాపువాళ్ళు సరుకు వెనక్కి పంపారో, దాంతో ఎవరి బాకీ తగ్గిందో పుస్తకంలో లేకపోయినా ఆయనకి గుర్తుంటుంది.