పాఠకుల సందేహాలు: పాత చర్చికి కొత్త ఎలివేషన్

ప్రశ్న: ఫ్రాన్సులోని లీల్ నగరంలో ఉంటున్న మా అమ్మాయి అక్కడి కెథీడ్రల్ ఫోటోలు పంపింది. పక్క గోడలన్నీ గోథిక్ పద్ధతిలో ఉండగా, ముందు గోడ మాత్రం నిన్నగాక మొన్న కట్టిన ఆఫీసులా నున్నగా, బోసిగా ఉంది. చరిత్ర ఉన్న కట్టడానికి ఇలాంటి ఎలివేషన్ సబబేనా? మా ఊరి పాత చర్చి ముందు భాగానికి గాజు, అల్యూమినియం ప్యానెళ్లు బిగించాలని సంఘ పెద్దలు అనుకుంటున్నారు కనుక అడుగుతున్నాను.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసినది నోత్రదామ్ ద లా త్రేయ్ కెథీడ్రల్. ఆ గోడ కోసం పాత ముఖభాగాన్ని పడగొట్టలేదు, ఎందుకంటే అక్కడ పడగొట్టడానికి అసలు ముఖభాగమే లేదు. 1854లో శంకుస్థాపన జరిగిన ఆ చర్చిని మధ్యయుగపు గోథిక్ శైలిలో కట్టాలని తలపెట్టారు గాని, డబ్బు చాలకా, నడుమ యుద్ధాలు వచ్చిపడీ పని నత్తనడకన సాగి, ముందు వైపు లేవవలసిన గోపురాలు కాగితం మీదే ఉండిపోయాయి. ఆ ఖాళీని తాత్కాలికంగా ఒక గోడతో మూశారు. తాత్కాలికమన్నవే ఎక్కువ కాలం నిలవడం మనకూ తెలిసిన సంగతే. అదీ దశాబ్దాలు నిలిచింది.

ఇప్పటి ముఖభాగం 1999లో పూర్తయింది. వాస్తుశిల్పి పియేర్ లూయీ కార్లియే. నిర్మాణ ఇంజినీరు పీటర్ రైస్, సిడ్నీ ఒపెరా హౌస్‌కు పనిచేసినవాడు, ఈ గోడ పూర్తి కాకముందే 1992లో మరణించాడు. కేవలం 28 మిల్లీమీటర్ల మందం ఉన్న 110 పాలరాతి పలకలను ఉక్కు చట్రం మీద నిలబెట్టారు. బయటి నుంచి అది మీరన్నట్టు బోసిగా, బూడిదరంగు కలిసిన తెలుపుగానే కనిపిస్తుంది, ఆ మాట కాదనలేను. లోపలికి వెళ్లి వెనుదిరిగి చూస్తే మాత్రం, ఎండ ఆ పల్చని రాతిగుండా వడకట్టినట్టు దిగి గోడంతా నారింజ, గులాబీ ఛాయల్లో వెలుగుతుంది. దాని అసలు అందం ప్రార్థనకు కూర్చున్నవారికే దక్కుతుంది.

పాత శైలినే అనుకరించి ఉండవచ్చు కదా అంటే, ఇటలీలోని ఫ్లోరెన్సులో ఆ పనే చేశారు. అక్కడి మధ్యయుగపు కెథీడ్రల్ ముఖభాగం 1887లో పూర్తయినదని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అది అందంగానే ఉంది. అయినా పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ మార్గదర్శకమైన 1964 నాటి వెనిస్ చార్టర్, పునరుద్ధరణలో తప్పనిసరై చేర్చే కొత్త పని పాతదానిలో కలిసిపోకుండా తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలని చెప్పింది. నా మొగ్గు లీల్ వైపే.

మీ ఊరి సంగతి వేరు. మీ చర్చికి ముఖం ఉంది, దాన్ని కప్పేయాలని చూస్తున్నారు. లీల్‌ను చూపి దీన్ని సమర్థించడం కుదరదు. పైగా అది సున్నపు గచ్చుతో కట్టినదైతే, గోడ పీల్చుకున్న తేమ పైపూత గుండానే ఆరిపోవాలి. ప్యానెళ్లు గాలి ఆడకుండా మూసేస్తే తేమ లోపలే నిలిచి గచ్చు రాలుతుంది, వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. బోల్టుల కోసం పాత ఇటుకలో వేసిన రంధ్రాలను మళ్లీ పూడ్చినా ఇటుక మునుపటిలా కాదు.

స్థలం కావాలన్నదే సంఘం అవసరమైతే, పాత గోడను తాకకుండా, సొంత పునాది, సొంత స్తంభాలతో ముందు ఒక మండపం కట్టుకోవచ్చు. వద్దనుకున్న నాడు పాత గోడకు దెబ్బ తగలకుండా విప్పేయవచ్చు. అందుకు కూడా పాత కట్టడాల పరిరక్షణ తెలిసిన ఆర్కిటెక్టుతో పునాదులు, గచ్చు పరీక్ష చేయించి, ఆ నివేదిక సంఘం ముందు పెట్టిన తరువాతే కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వమనండి.