చలి సంగతి తర్వాత, ముందు చెమ్మ సంగతి చూడు

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కెనడా నుంచి వచ్చేసి ఇంటి వెనక కొబ్బరితోటలో కోళ్లు పెంచుతానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కాకపోతే అక్కడ మంచులో కూడా గుడ్లు పెట్టే షాంటెక్లేర్ కోళ్లే కావాలని పట్టుబడుతున్నావట. నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. కోడి బాగుంది, కాదనను. క్యుబెక్‌లో ఓకా మఠం సన్యాసి ఒకాయన ఏళ్ల తరబడి జాతులు కలిపి, తల మీది ఎర్ర జుట్టు, గొంతు కింద వేలాడే తమ్మెలు బాగా చిన్నవిగా ఉండేలా దాన్ని తయారు చేశాడు. జుట్టు పెద్దదైతే ఆ చలికి గడ్డకట్టి నల్లబడిపోతుంది కదా. 1921లో అమెరికా వాళ్లు దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు. ఆయన కలిపిన జాతుల్లో కార్నిష్ ఒకటి. ఆ కార్నిష్ పుట్టుకలో ఉన్నది మన పందెం కోడి అసిల్ రక్తం. అంటే నువ్వు అంత దూరం వెళ్లి ముచ్చటపడిన కోడికి ముత్తాత మన పెరట్లోనే తిరుగుతున్నాడు.

ఆ షాంటెక్లేర్‌ని ఇక్కడికి తేవాలంటే గుడ్లకైనా సరే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. సరే, తెచ్చావే అనుకో. ఒత్తు ఈకల కోడి రోహిణి కార్తెలో ఏమైపోతుంది? కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. మనకి పుష్యమాసంలో కూడా స్వెట్టరు తెల్లారుజామునే. పెద్ద కోడిని ఈ చలి ఏమీ చెయ్యదు. మన దగ్గర కోడిని చంపేది చెమ్మ, దాని వెనకే వచ్చే రోగం. అందుకని అసిల్ పెట్టలు ఆరు, పుంజు ఒకటి చాలు. ఏడాదికి యాభై గుడ్లు కూడా రావు, ముందే చెబుతున్నా. కానీ పొదగడంలో, పిల్లల్ని కాసుకోవడంలో దానికి సాటి లేదు.

డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే గూటి మీద పెట్టు. నేల మీద కట్టకు. కాలువ గట్టు పక్కన నీళ్లు ఎప్పుడూ జానెడు లోతులోనే ఉంటాయి. దిమ్మెల మీద రెండు మూడు అడుగుల ఎత్తున లేపు, వరద నీళ్లు పెరట్లోకి వచ్చినా ఆ కాసేపు గట్టెక్కుతాయి. వానగాలి కొట్టే వైపు గోడ మూసెయ్యి, మిగతా మూడు వైపులా సన్న కన్నాల వల బిగించు. పెద్ద కన్నాలైతే ముంగిస, జెర్రిపోతు తేలిగ్గా దూరతాయి. వానాకాలం వచ్చిందని చుట్టూ టార్పాలిన్ కట్టి ఊపిరాడకుండా చేసేవాళ్లున్నారు. అదే పెద్ద పొరపాటు.

కింద మిల్లు ఊక నాలుగు వేళ్ల మందాన వెయ్యి. కొబ్బరి పొట్టు ఊరికే దొరుకుతుందని అది వేస్తావేమో, వద్దు, నీళ్లు పీల్చుకుని వదలదు. రోజూ ఉదయం ఒక గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి, చెయ్యి తెరువు. పొడిపొడిగా రాలితే బాగున్నట్టు. ముద్దగా నిలిస్తే ఆ రోజే తిరగేసి, పైన కొత్త ఊక చల్లు. ఇంకో సంగతి, నిలబడి వాసన చూడకు. గొంతుక్కూర్చుని, కోడిపిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ చూడు. కళ్లు మండితే వాటికీ మండుతున్నట్టే. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది. పిల్లలు ఈకలు ముడుచుకుని, ఎర్రగా పారితే మందు కోసం పశువుల ఆసుపత్రికి పరిగెత్తాలి.

చలి లెక్క పిల్లలకే. పెట్ట పొదిగి లేపిన పిల్లల్ని తల్లే చూసుకుంటుంది. మిషన్‌లో పొదిగించిన పిల్లల్ని తెస్తే మాత్రం మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించు. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి.

టీకాల దగ్గర బద్ధకం పనికిరాదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే మంద మొత్తం ఊడ్చుకుపోతుంది, దానికి మందు లేదు. పిల్ల పుట్టిన వారం లోపు లాసోటా అనే టీకా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద టీకా సూది. చుక్క వేసేటప్పుడు పిల్లని పక్కకి ఒరిగించి పట్టుకో, కంట్లో ఒక్క చుక్క వేసి అది రెప్ప ఆర్పేదాకా వదలకు. వెంటనే వదిలితే తల విదిలిస్తుంది, మందు నీ చొక్కాకి పడుతుంది. టీకా సీసా ఐసులోనే తెచ్చుకోవాలి, కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి. మిగిలిందని మర్నాటికి దాచకు.

2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూతో మన గోదావరి జిల్లాల్లో ఎంత గగ్గోలైందో నువ్వు ఫోన్లో వింటూనే ఉన్నావు. అందుకే సంతలో కొన్న కోడిని తిన్నగా మందలో వదలకు. మూడు వారాలు వేరే గంప కింద ఉంచి చూడు. బాతుల్ని వీటితో కలపకు. చెరువు మీద వాలే వలస పక్షులకీ బాతులకీ పొత్తు ఎక్కువ.

మేతకేముంది, నూకలు, తవుడు, వంటింటి తుక్కు, పెట్టలకి కాస్త ఆల్చిప్పల పొడి. బూజు వాసన వచ్చిన తవుడు మాత్రం పారెయ్యి.

అసిల్ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే తన్నుకుంటాయి. మూడు నాలుగు నెలలకి పుంజుల్ని విడదియ్యి. నీ పెరట్లో మంచి డేగ రంగు పుంజో నెమలి రంగు పుంజో కనబడితే సంక్రాంతి ముందు ఊళ్లోవాళ్లు ముసురుకుంటారు, వేలకి వేలు చూపిస్తారు. అమ్మనని ఒకసారి గట్టిగా చెప్పు, మళ్లీ రారు. కోడిపందేల బరి దగ్గర కేసులు, గొడవలు మనకెందుకు?

మా నల్లపెట్ట ఇప్పుడు గుడ్లు పెడుతోంది. అది పొదుగుకి కూర్చుంటే పది గుడ్లు వేస్తాను, 21 రోజులకి లేస్తాయి. ఈలోగా గూడు పని మొదలుపెట్టు. కప్పు వేయించేముందు కొలతలు నాకు వాట్సాప్‌లో పంపు.