ఎనిమిది గంటలు పడుకున్నా కొట్లో కునుకుపాట్లే... నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు, ఒడిశాలోని రాయగడలో కిరాణా కొట్టు ఉంది. రాత్రి పదింటికి పడుకుంటే పొద్దున్న ఆరున్నరకి గానీ లేవను, అయినా పదకొండయ్యేసరికి కాటా దగ్గరే కళ్ళు మూతలు పడిపోతున్నాయి. అయిదు నెలలుగా ఇదే వరస. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా లొంగట్లేదు. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూంకి లేస్తాను, షుగర్ పరీక్ష చేయిస్తే లేదన్నారు. పోయిన నెల పార్వతీపురం నుంచి వస్తూ కూనేరు దగ్గర బండి మీదే కునుకు పట్టేసింది, లారీ హారన్‌కి మెలకువ వచ్చింది. రాత్రి నిద్ర గట్టిగా పట్టడానికి ఫ్రెండ్ ఒకడు నిద్రమాత్ర ఇచ్చి సగం వేసుకోమన్నాడు. వేసుకోనా?

జవాబు: వద్దు. ఆ మాత్ర తిరిగి ఇచ్చేయండి. దాంతోపాటు బండి తాళం కూడా ఇంట్లో ఎవరికైనా అప్పగించండి, కారణం తేలేదాకా సరుకు ఆటోలోనో బస్సు మీదో తెప్పించుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

ఇన్ని వివరాలు రాశారు గానీ గురక గురించి ఒక్క ముక్క రాయలేదు. రాయలేరు కూడా, ఎవరి గురక వాళ్ళకి వినపడదు కదా! మీ ఆవిడని అడగండి. గురక పెడతానా అని అడిగితే నవ్వి ఊరుకుంటారు, అలా కాదు. గురక మధ్యలో ఠక్కున ఆగిపోయి, పది పదిహేను సెకన్లు ఊపిరే లేనట్టుండి, తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా గాలి పీలుస్తున్నానా అని అడగండి. అవునంటే ఒక రాత్రి ఫోన్లో వీడియో తీయమనండి. డాక్టర్‌కి అది చూపిస్తే సగం పని అయినట్టే.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి మిమ్మల్ని తట్టి లేపుతుంది, మీరు ఊపిరి పీల్చుకుని మళ్ళీ పడుకుంటారు, పొద్దున్నకి ఏదీ గుర్తుండదు. గంటకి 5 సార్ల లోపైతే మామూలే, 30కి చేరితే తీవ్రం కింద లెక్క, అంటే రెండు నిమిషాలకోసారి ఎవరో భుజం తడుతున్నట్టే. ఇంక ఎనిమిది గంటలు పక్క మీదుంటే మాత్రం ఏం లాభం? లొంగని బీపీ, రాత్రిళ్ళు బాత్రూంకి లేవడం కూడా ఇందులోంచే రావచ్చు. నిద్రమాత్రైనా, పడుకునే ముందు పెగ్గైనా ఆ కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి, లేపాల్సిన మెదడుని మత్తులో పెడతాయి. అందుకే వద్దన్నది.

టైలర్ టేపు ఉంటే మెడ చుట్టూ కొలవండి. మగవాళ్ళకి 17 అంగుళాలు దాటితే అనుమానం బలపడుతుంది. చొక్కా పై గుండీ పట్టడం మానేసి ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకోండి! సన్నగా ఉన్నవాళ్ళకి రాదని మాత్రం కాదు.

మధ్యాహ్నం పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నం) తిన్నాక కాసేపు కళ్ళు వాలడం మన వైపు అందరికీ ఉన్నదే, దానికి డాక్టర్ అక్కర్లేదు. మీది అది కాదు. ఇంకో చిక్కు, అక్కడి డాక్టర్ దగ్గరికెళ్ళి ఒడియాలో 'దుర్బళ లాగుఛి' (నీరసంగా ఉంది) అని చెబితే బలం మాత్రలు రాసి పంపేస్తారు. నీరసం వేరు, నిద్ర వేరు. నీరసంలో పని చేయాలనిపించదు గానీ కూర్చున్నంత మాత్రాన కునుకు రాదు. 'నిద మాడుఛి' (నిద్ర ముంచుకొస్తోంది) అని చెప్పండి, బండి మీద జరిగింది కూడా చెప్పండి.

వెళ్ళినప్పుడు హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. మన జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరయ్యే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) ఎక్కువ, రక్తం తక్కువుందంటే ఆ పరీక్షా అడగండి. జలుబుకో దురదకో రోజూ ఏదైనా మాత్ర మింగుతుంటే ఆ పేరు చెప్పండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. కుర్రవాళ్ళలో పగటి నిద్రతో పాటు గట్టిగా నవ్వితే మోకాళ్ళు సడలిపోతుంటే అది నార్కోలెప్సీ అనే వేరే జబ్బు కావచ్చు, దానికి న్యూరాలజిస్ట్‌ని చూడాలి.

ఇది మీకు కాదు, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు చదివేవాళ్ళందరికీ. జ్వరంతో పాటు మగత, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, పొంతన లేని మాటలు ఉంటే అది మలేరియా మెదడుకెక్కడం కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు ఉన్నట్టుండి మగతగా పడిపోయినా అంతే.

మీకు కావలసింది స్లీప్ స్టడీ. ఊపిరితిత్తుల డాక్టర్ చేయిస్తారు, మీకు విశాఖే సులువు, రైలుంది. ఒక రాత్రి ఒంటికి వైర్లు తగిలించి పడుకోబెడతారు, నొప్పేం ఉండదు. జబ్బు తేలితే సీప్యాప్ అనే మిషన్ ఇస్తారు, మాస్కులోంచి గాలి వదిలి గొంతు మూసుకోకుండా చూస్తుంది. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, చాలామంది అక్కడే అటకెక్కించేస్తారు, మీరు ఆ పని చేయకండి. బరువు తగ్గించండి, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి. బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. రిపోర్టులో గంటకి ఎన్నిసార్లు అన్న అంకె ఉంటుంది, అది రాసి పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.