కట్నం ఇచ్చేశాక అక్కకు పొలంలో వాటా ఉంటుందా?

ఉంటుంది. మా నరసన్నపేట వైపూ ఇదే మాట: "కట్నమిచ్చాం, పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం, ఇంకేం వాటా?" చట్టం ఆ లెక్క ఒప్పుకోదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచే మన రాష్ట్రంలో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా, పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం లేదు. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డూ తీసేసింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపలేరు. తండ్రి స్వార్జితమైతే ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు.

అసలు చిక్కు చట్టంలో లేదు. మా మేనత్త రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం (తన వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద చదవకుండానే వేలిముద్ర వేసేసింది. అడిగితే, "సంకురాత్రికి చీర పెట్టేది తమ్ముడే కదా, వాడితో తగువెందుకు" అంది. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం అది, ప్రేమ అని మనం పేరు పెట్టుకుంటాం. మీ అక్కను సంతకానికి రమ్మనే ముందు ఆ కాగితం ఆవిడకు పూర్తిగా చదివి వినిపించండి.