బాణం పుల్ల ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: సార్, మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. అమెరికాలో ఉండే మా బావ అక్కడ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేటకు పోతాడు. పోయినసారి వచ్చినప్పుడు లాగడానికి 40 పౌండ్ల బలం పట్టే చెక్క విల్లు నాకు ఇచ్చిపోయాడు. బాణాలు నేనే చేసుకున్నా, టేకు ముక్కల్ని మిల్లులో 10 మిల్లీమీటర్ల లావున గుండ్రంగా తీయించి. నాది కుడిచేతి వాటం. ప్రతి బాణమూ ఎడమకే పోతోంది, ఒకటైతే వదలగానే విరిగింది. ఏ చెక్క వాడాలి? గురి కుదిరితే మా శెనక్కాయ చేలో పడే అడవి పందుల మీద పనికొస్తుందా?

జవాబు: విరిగిన పుల్ల చేతిలో దిగలేదు, అదృష్టం. మిగతా బాణాలు కూడా ఇప్పుడే పక్కన పెట్టేయండి.

మీరు చెక్క పేరు అడిగారు గానీ అసలు చూడాల్సింది ఆ పుల్ల ఎంత వంగుతుందో, లోపలి గీత, అంటే చెక్క నార, ఎలా పోతుందో. నారి వదలగానే బాణం తిన్నగా పోదు, పాములా వంగి విల్లు పక్కనుంచి తప్పుకుని ఆ తర్వాతే నిటారుగా అవుతుంది. పుల్ల మరీ బిరుసుగా ఉంటే ఆ వంపు రాదు, కుడిచేతి వాటం వాళ్లకి బాణం ఎడమకి కొడుతుంది. మీ కేసు అదే. లావు కాస్త పెరిగినా బిరుసు చాలా పెరుగుతుంది, 9 మిల్లీమీటర్ల పుల్ల కంటే అదే చెక్కతో చేసిన 10 మిల్లీమీటర్లది ఒకటిన్నర రెట్లు బిరుసు.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు కొట్టి వాటి మీద పుల్ల పెట్టండి. సంచితో సహా సరిగ్గా 907 గ్రాములు, అంటే రెండు పౌండ్లు తూగేలా శెనక్కాయలు పోసి పుల్ల నడిమధ్యన వేలాడదీయండి. ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగిందో చూసి 660ని ఆ అంకెతో భాగించండి. 16 దిగితే 41 వస్తుంది, దీన్నే 41 పౌండ్ల స్పైన్ అంటారు, అంటే పుల్ల బిరుసు కొలత. మీ విల్లుకి 28 అంగుళాల బాణమైతే 40 చుట్టుపక్కల వచ్చే పుల్లలతో మొదలుపెట్టండి. ఇంకా ఎడమకే పోతుంటే ములికి కొంచెం బరువైనది వేయండి, పుల్ల ఎక్కువ వంగుతుంది. మొత్తం బాణం 26 గ్రాముల దగ్గర ఉంటే బాగుంటుంది, ఒక జట్టులో అన్నీ ఒకే బరువుకి రావాలి, ఒక గ్రాము తేడా దాటనివ్వకండి.

ఇక విరగడం సంగతి. విరిగిన ముక్క పారేయకుండా ఉంటే ఒకసారి వెలుతుర్లో చూడండి, గీతలు ఏటవాలుగా వచ్చి పుల్ల పక్కన బయటికి తేలి ఉంటాయి, సరిగ్గా అక్కడే విరిగి ఉంటుంది. మంచి పుల్లలో గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా పోవాలి. రంపంతో కోస్తే అది కుదరదు, ముక్క మీద కత్తి పెట్టి సుత్తితో కొట్టి చీల్చుకుని ఆ తర్వాత చిత్రిక పట్టాలి, అప్పుడు చెక్కే తన దారి చూపిస్తుంది. నారి పట్టే గాటు పొరలకి అడ్డంగా కోయండి, పొర వెంబడి కోస్తే నారి దాన్ని చీల్చేస్తుంది. మీ బావ వాళ్లు వాడే పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ ఆరెగాన్ తీరంలో పెరిగే చెట్టు, తేలికగా ఉండి గీత నిటారుగా పోతుంది కాబట్టే దానికంత పేరు.

మనకైతే వెదురే మేలు అని నా గట్టి అభిప్రాయం. వానాకాలం వెళ్లాక కోసిన సన్న వెదురు తీసుకుని నీడలో కొన్ని నెలలు ఆరనివ్వండి, లేకపోతే పురుగు తొలుస్తుంది. వంకర ఉన్నచోట నిప్పుల మీద కాచి, వేడిగా ఉండగానే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. గాటు అడుగున ఒక కణుపు వచ్చేలా చూసుకుని దానిమీద నూలుదారం బిగించి చుట్టండి. పొలం గట్టున పెరిగిన వెదురుకి 2017లో అటవీ చట్టం మారాక ఇబ్బంది లేదు, అడవిలోది మాత్రం ముట్టొద్దు.

ప్రతి బాణం వేసే ముందు రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర మెల్లగా వంచుతూ తిప్పండి. 'టిక్' అని చిన్న చప్పుడు వచ్చినా అక్కడికక్కడే విరిచేయండి. ఆ చప్పుడు విని కూడా, ఈకలు కొత్తగా అంటించానే అని ఆశపడి నేను ఒకసారి వదిలాను, ఎడమ బొటనవేలి మొదట్లో పేడు దిగింది.

పందుల మాట దయచేసి మర్చిపోండి. పంట పోయిన బాధ నాకు తెలుసు, ఈ జిల్లావాణ్నే. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద రాతపూర్వక అనుమతి లేకుండా చంపడం నేరం, ప్రయత్నించినా వేటే. పైగా గాయపడిన పంది పక్క చేలో కూలోళ్ల మీదికి పోతే? నష్టం గురించి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. విల్లు మీద మీకున్న ఇష్టానికి ఇండియన్ రౌండ్ పోటీలున్నాయి, 30, 50 మీటర్ల గురి, వెదురు విల్లు, చెక్క బాణాలు.

ప్రశ్న: ఎర్రచందనంతో బాణాలు చేస్తే గట్టిగా ఉంటాయా? (కడప నుంచి)

జవాబు: నీళ్లలో మునిగేంత బరువు చెక్క అది, మామూలు విల్లుతో వేస్తే బాణం త్వరగా కిందికి వాలిపోతుంది. కాగితాలు లేకుండా ముక్క దొరికినా కేసే. వెదురు తెచ్చుకోండి.