మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా: నా అనుమానాలు, మా పెద్దమ్మ కథ

మీ పన్నెండేళ్ల అమ్మాయికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టరు చెప్పారనీ, మీ అత్తగారు మాత్రం "పెళ్లి కాని పిల్లకు ఆ సూది ఎందుకు, ఖమ్మంలో పిల్లలు చచ్చిపోలేదా" అని అడ్డుపడుతున్నారనీ రాశారు. మాదీ ఖమ్మం జిల్లాయే. మూడేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. అయితే మా ఇంట్లో ఆ మాట అన్నది అత్తగారు కాదు, నేనే.

ఖమ్మంలో జరిగినది పుకారు కాదు కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, ఒక విదేశీ స్వచ్ఛంద సంస్థ కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటి కార్యక్రమమే నడిచింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దానిని ఆపివేసింది. విచారణలో తేలినదేమిటంటే, ఒకరు నీట మునిగి, ఒకరు పాము కాటుకు, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలకపోయినా, టీకాయే కారణమని చెప్పడానికి ఆధారం దొరకలేదు. కానీ అదే విచారణలో బయటపడిన మరో సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని గట్టిగా తప్పుపట్టింది, పట్టవలసిందే. మీ అత్తగారి భయానికి మూలం అక్కడుంది గనుక ఆవిడను మూఢురాలని కొట్టిపారేయకండి.

ఆ గొడవలోనే దేశంలో మరికొన్ని చోట్ల ఇదే టీకా మీద జరుగుతున్న మరో పరిశోధన కూడా మధ్యలో ఆగిపోయింది. రెండో, మూడో డోసులు అందవలసిన ఆడపిల్లల్లో దాదాపు ఐదు వేల మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలిపెట్టకుండా పదేళ్ల పాటు గమనించి, 2021లో ఫలితాలు ప్రచురించారు: ఈ క్యాన్సర్‌ను ఎక్కువగా తెచ్చే 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఆ ఒక్క డోసే 95 శాతం దాకా పనిచేసింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, చిన్న వయసు ఆడపిల్లలకు ఒక్క డోసు వేసినా సరిపోతుందని దేశాలకు వెసులుబాటు ఇచ్చిందంటే, అందులో మధ్యలో ఆగిపోయిన ఆ పిల్లల వంతు కూడా ఉంది.

ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. నా మనసు మారింది మాత్రం మా పెద్దమ్మ వల్ల. ముట్లుడిగిన నాలుగేళ్లకు ఆవిడకు మళ్లీ ఎర్రబట్ట కనిపించింది. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగుతూ ఎనిమిది నెలలు గడిపింది. సిగ్గుపడి కూతురికి కూడా చెప్పలేదు. హైదరాబాద్‌లో పరీక్ష చేయించేసరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మూడో దశలో ఉంది. ఇరవై ఐదు సార్లు కరెంటు పెట్టారు (రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు). పొత్తికడుపు మీద ఇంకుతో గీసిన గుర్తులు చెరిగిపోతాయేమోనని ఆవిడ చెంబుతో నీళ్లు భుజాల మీదుగా జాగ్రత్తగా పోసుకునేది. రెండేళ్లు బతికింది.

అక్కడి డాక్టరమ్మే మాకు విడమరచి చెప్పారు. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ వల్లనే వస్తుంది. అందులో 16, 18 రకాల వాటా సుమారు 70 శాతం. ఈ సంబంధాన్ని కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దాంపత్య జీవితం మొదలుపెట్టిన వారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, మంచివాళ్లు చెడ్డవాళ్లు అనే తేడా దానికి లేదు. సాధారణంగా ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో పదిహేను, ఇరవై ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. టీకా ఒంట్లో చేరిన వైరస్‌ను తొలగించలేదు, చేరకుండా మాత్రమే ఆపగలదు. మీ అత్తగారి "పెళ్లి కాని పిల్లకు ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు ఇదే: పెళ్లికి ఎంతో ముందే వేయించాలి కాబట్టి. స్కాట్లండ్‌లో 2008 నుంచి 12, 13 ఏళ్ల వయసులో ఈ టీకా వేయించుకున్న అమ్మాయిల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కరికి కూడా కనబడలేదని 2024లో అక్కడివారు ప్రకటించారు.

మేము మా అమ్మాయికి పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ వేయించాము. అది 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. తొమ్మిది రకాల మీద పనిచేసే గార్డసిల్ 9 ఖరీదు దానికి కొన్ని రెట్లు ఉండటంతో మా తాహతుకు మించిపోయింది. అప్పట్లో మాకు చెప్పిన ప్రకారం 15 ఏళ్ల లోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు, ఆ వయసు దాటితే మూడు. నర్సు ఫ్రిజ్‌లోంచి సీసా తీయగానే గడువు తేదీ అడిగి చూశాను. సూది వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు, ఎందుకంటే ఈ వయసు పిల్లలు ఏ సూదికైనా ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోతారు. ఆ రాత్రి చెయ్యి నొప్పితో జడ తానే వేసుకోలేకపోయింది, కాస్త ఒళ్లు వెచ్చబడింది, రెండో రోజుకు తగ్గిపోయింది. ఈ టీకాలో బతికిన వైరస్ ఉండదు, దాని పైపొరను పోలిన ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. మగపిల్లలకూ వేయించవచ్చు, గొంతు, మలద్వార క్యాన్సర్లలో కొన్నింటికీ ఈ వైరస్సే కారణం.

మీ వయసు ముప్ఫై ఎనిమిదని రాశారు కనుక ఇంకొక్క మాట. అమ్మాయికి టీకా వేయించిన రోజునే మీరూ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోండి. ముప్ఫై దాటిన వారికి ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేస్తారు. నాకు వెనిగర్ లాంటి ద్రావణాన్ని దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, తేడా ఉన్న చోట తెల్ల మచ్చ తేలుతుందేమోనని చూశారు. కొంచెం చల్లగా, కొంచెం మంటగా అనిపించింది. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా పెద్దమ్మకు ఎవరూ ఎప్పుడూ చేయనిది ఆ పరీక్షే.